ఎవరూ అడగని ప్రశ్న

డాక్టరుగారు కాగితం చేతిలోకి తీసుకొని ఒకటికి రెండుసార్లు చూశారు. "6.2! మాష్టారూ, మీ కాగితానికి చట్రం కట్టించి నా గదిలో తగిలించుకోవాలి" అన్నారు. రక్తంలో చక్కెర రెండు మూడు నెలల పాటు సగటున ఎట్లా ఉన్నదో తెలిపే పరీక్ష అది, హెచ్‌బిఎ1సి అంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి మార్కులు వేసిన నాకు, ఆనాడు ఎవరో నూటికి నూరు వేసినట్లయింది. ప్రక్కన కూర్చున్న నా భార్య మాత్రం నవ్వలేదు. ఆమె ఎందుకు నవ్వలేదో ఆ సాయంత్రం దాకా నాకు తెలియలేదు.

నాకు మధుమేహమున్నదని 2009లో, నా 47వ యేట బయటపడింది. అప్పుడా అంకె 9.8. మా తండ్రిగారు ఇదే వ్యాధితో కాలు పోగొట్టుకొని, చివరి మూడేళ్ళూ మంచం మీదనే గడిపారు. ఆయన గతి నాకు పట్టరాదని ఆనాడే నిశ్చయించుకొన్నాను. ఒక లెక్కల పుస్తకం తెరిచాను. ఉదయం చక్కెర ఎంత, భోజనమైన రెండు గంటలకు ఎంత, నడక ఎన్ని నిమిషాలు, అన్నం ఎన్ని గరిటెలు - అన్నీ గళ్ళు గీసి వ్రాసేవాణ్ణి. మొదట మాత్రలు, 2018 నుంచి రెండు పూటలా ఇన్సులిన్. అంకె తగ్గుతూ వచ్చింది. తగ్గినకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. 7 అయితే 6.8 కావాలనిపించేది; 6.8 అయితే 6.5.

ఆ పుస్తకంలో గడి లేని సంగతులు కొన్ని ఉన్నవి. వాటిని నేను లెక్కలోనికి తీసుకోలేదు.

ఆనాడు డాక్టరుగారి గదిలోనుంచి ఇవతలకు రాగానే, తెల్లకోటు వేసుకొన్న ఒక అమ్మాయి మమ్మల్ని ఆపింది. పై చదువు చదువుతున్న వైద్య విద్యార్థిని. "ఒక అరగంట తీరిక ఉంటుందా మాష్టారూ? మధుమేహమున్నవారి జీవన నాణ్యతను గురించి పరిశీలిస్తున్నాను. కొన్ని ప్రశ్నలకు సమాధానాలు కావాలి" అన్నది. జీవన నాణ్యత అన్న మాట నాకు వింతగా తోచింది. బియ్యానికి, బట్టకు నాణ్యత చూస్తారు గాని, బ్రతుకుకు కూడానా?

ఆమె చేతిలోని ప్రశ్నల పత్రం, లండను విశ్వవిద్యాలయంలో క్లేర్ బ్రాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు రూపొందించిన పద్ధతి ననుసరించినది. ఆ పద్ధతిలోని పొందిక లెక్కల పంతులునైన నన్ను వెంటనే ఆకర్షించింది. ప్రతి విషయానికీ రెండు ప్రశ్నలు. "నాకు మధుమేహమే లేకుంటే నా ప్రయాణాలు ఎట్లా ఉండేవి?" అన్నది మొదటిది. ఎంతో మెరుగ్గా ఉండేవంటే మైనస్ 3. ఇప్పటిలాగే ఉండేవంటే సున్న. ఇంకా అధ్వాన్నంగా ఉండేవంటే ప్లస్ 1. "ప్రయాణాలు నాకెంత ముఖ్యం?" అన్నది రెండవది. చాలా ముఖ్యమైతే 3, ఏ మాత్రమూ ముఖ్యం కాకుంటే సున్న. ఈ రెంటినీ హెచ్చవేస్తారు. ప్రయాణాలంటే గిట్టని మనిషికి ఊరు కదలలేకపోవడం లోటు కాదు. అతని లబ్ధం సున్న. ప్రయాణాలే ప్రాణమైనవానికి మైనస్ 9. అనగా, ఏది నష్టమో రోగి తానే నిర్ణయిస్తాడు, వైద్యుడు కాదు.

పద్ధతిని మెచ్చుకొన్నాను గాని, కలం చేతికి రాగానే నా బుద్ధి మారలేదు. ప్రయాణాలు - ఇప్పటిలాగే. స్నేహాలు - ఇప్పటిలాగే. ఇష్టమైనవి తినే స్వేచ్ఛ - ఇప్పటిలాగే. పేజీ చివరి దాకా అట్లాగే టిక్కులు పెట్టుకుంటూ పోయాను. వ్యాధి నన్ను ఓడించలేదని వ్రాతమూలకంగా ఋజువు చేయాలన్నది నా తాపత్రయం.

నా భార్య ఆ కాగితం వైపు చూసి, మెల్లగా అన్నది: "ఆయన నిజం వ్రాయడం లేదమ్మా. ఇదీ పరీక్షే అనుకొంటున్నారు."

ఆ అమ్మాయి మాటలాడలేదు. నా భార్యే చెప్పుకొచ్చింది. "మూడేళ్ళయింది, ఏ పెళ్ళిలోనూ ఈయన పంక్తిలో కూర్చొని. అక్షింతలు వేసి వచ్చేస్తారు. మనవడి అన్నప్రాసనకు విజయవాడ రాలేదు. రాజమండ్రి నుంచి ఎంత దూరం? దారిలో షుగరు పడిపోతుందేమోనని భయం. గోదావరి గట్టున స్నేహితులతో కూర్చోవడం మానేశారు. వాళ్ళు కాఫీ తాగమంటారని. ఆ రాత్రుల సంగతి డాక్టరుగారికి చెప్పనివ్వరు."

"ఏ రాత్రులు?" అని అడిగిందా అమ్మాయి.

ఇక దాచి లాభం లేకపోయింది. ఆ యేడు మూడుసార్లు నడిరాత్రి చెమటలతో తడిసిపోయి, చేతులు వణుకుతూ లేచాను. ఒకసారి మీటరు 48 చూపించింది. నా భార్య పంచదార నీళ్ళు పట్టించింది. ఉదయం పుస్తకం తెరిచి, ఆ అంకె వ్రాయబోయి మానుకొన్నాను. వ్రాస్తే డాక్టరుగారు ఇన్సులిన్ తగ్గిస్తారు. తగ్గిస్తే నా 6.2 పోతుంది. పిల్లవాడు మార్కు దిద్దుకొంటే బెంచీ ఎక్కించిన పంతులును నేను. నా పుస్తకంలో నేనే దొంగలెక్క వ్రాసుకొన్నాను.

నది సగటు లోతు మోకాలి బంటి అని లెక్క కట్టి, పెళ్ళాం బిడ్డలను నీళ్ళలోకి దింపిన పెద్దమనిషి కథ నేనెన్ని తరగతులకు చెప్పి నవ్వించానో! నా 6.2 కూడా అటువంటి సగటే. పగటి హెచ్చులూ రాత్రి గోతులూ కలిసి ముచ్చటైన అంకె ఒకటి తయారైంది.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చొని, కాగితం లేకుండానే నా భార్యను అడిగాను: "నాకీ జబ్బు లేకుంటే నీ బ్రతుకెట్లా ఉండేది?"

ఆమె చాలాసేపు మాటలాడలేదు. "ఇన్నాళ్ళకు అడిగారు" అన్నది. తరువాత చెప్పింది. మొదటిసారి నాకు చెమటలు పట్టిన రాత్రి మొదలు, ప్రతి రాత్రీ రెండు గంటలకు ఆమె లేస్తున్నది. నా నుదురు తడిమి చూసి, పొడిగా ఉంటే పడుకొంటున్నది. నాకు మెలకువ వస్తుందేమోనని దీపం కూడా వేయలేదట. ప్రక్కన నిద్రపోతున్న నాకు ఆ సంగతి ఎన్నడూ తెలియలేదు.

మరునాడే ఇద్దరమూ డాక్టరుగారి వద్దకు వెళ్ళి, వ్రాయని మూడు రాత్రులూ చెప్పాము. ఆయన నన్ను మందలించలేదు. "తప్పు నాది కూడా. నేను అంకెను మెచ్చుకొన్నాను, మిమ్మల్ని అడగలేదు" అని, అమెరికా, కెనడాలలో జరిగిన 'అకార్డ్' పరిశోధన సంగతి చెప్పారు. గుండెజబ్బు ప్రమాదం ఎక్కువగా ఉన్న 10,251 మంది మధుమేహ రోగులు అందులో పాల్గొన్నారు. హెచ్‌బిఎ1సిని 6కు లోపల ఉంచాలని తీవ్రంగా చికిత్స చేసిన వర్గంలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో, ఆ చికిత్సను 2008లో నడుమనే ఆపివేశారు. తగ్గినకొద్దీ మేలే అన్న సూత్రం అందరికీ వర్తించదు. వయస్సు, ఇతర వ్యాధులు, షుగరు పడిపోయే ప్రమాదం చూసి ఎవరి గురి వారికి నిర్ణయించాలి. ఆయన నా రాత్రి ఇన్సులిన్ తగ్గించారు. నా అంతట నేను మోతాదు మార్చుకోలేదని పాఠకులు గమనించాలి; అటువంటి సాహసం ఎవరూ చేయరాదు.

ఆ తరువాత ఈ విషయమై దొరికినంత చదివాను. క్లేర్ బ్రాడ్లీ పద్ధతితో ఎన్నో దేశాలలో కొలిచి చూడగా, మధుమేహం చేత అన్నిటికంటె ఎక్కువగా దెబ్బతినేది ఇష్టమైనది తినే స్వేచ్ఛ అని తేలుతూ వచ్చింది. మన దేశపు రోగుల కోసం 2010లో 34 ప్రశ్నల కొలమానం ఒకటి వెలువడింది. దానిలోని 8 విభాగాలలో తిండి విషయమైన తృప్తి ఒకటి. డబ్బు చింత మరొకటి. మందుల చీటీ చూసి నెల జీతం లెక్కవేసుకొనే ఇళ్ళెన్నో ఎరిగినవారికి ఆ రెండవది ఎందుకు చేర్చారో చెప్పనక్కరలేదు. 2013లో ఫలితాలు వెలువడిన మరొక పెద్ద అధ్యయనం, భారతదేశంతో సహా 17 దేశాలలో, రోగులతోపాటు వారి కుటుంబ సభ్యులను కూడా ప్రశ్నించింది. అది చదివినప్పుడు, చీకటిలో నా నుదుటి మీద ఆనిన చేయి గుర్తుకు వచ్చింది.

మన దేశంలో మధుమేహమున్నవారు 10 కోట్లకు పైబడి ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకటించింది. వారిలో చక్కెరను కొలుచుకోవలసినవారే ఇంకా ఎందరో కొలుచుకోవడం లేదు. కనుక అంకెలు అక్కరలేదని నేననను. మా తండ్రిగారి కాలు తీసివేసిన నాడు ఆసుపత్రి వరండాలో నిలబడినవాణ్ణి. ఆ మాట నా నోట రాదు. చక్కెరను అడిగినట్లే మనిషిని కూడా అడగవలసి ఉన్నదని మాత్రమే నా మనవి. అందుకు యంత్రం కావాలా, సూది కావాలా? ప్రక్కన కూర్చొని, వచ్చిన సమాధానాన్ని ఓపికగా వింటే చాలు.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు నా అంకె 7.1. పుస్తకంలో రెండు గడులు కొత్తగా చేర్చాను. ఈ వారం నాకెట్లా గడిచిందో ఒకదానిలో, ఆమెకెట్లా గడిచిందో రెండవదానిలో ఆదివారం నాడు వ్రాస్తాము. ఆమె గడిలో ఆమే స్వయంగా వ్రాస్తుంది, నన్ను దిద్దనివ్వదు.

క్రిందటి మాఘమాసంలో మా మేనకోడలి పెళ్ళి జరిగింది. పంక్తిలో ఇద్దరమూ ప్రక్కప్రక్కన కూర్చొన్నాము. అన్నం కొలత తప్పలేదు గాని, ఆత్రేయపురం పూతరేకు ఒకటి విస్తట్లో పడితే, సగం నేను తిని సగం ఆమెకు ఇచ్చాను. రెండు గంటల తరువాత మీటరు 196 చూపించింది. దాచకుండా వ్రాశాను.

ఆ రాత్రి విడిదింట్లో, అలవాటు చొప్పున రెండు గంటలకు నాకే మెలకువ వచ్చింది. ఆమె గాఢంగా నిద్రపోతున్నది. ఉదయం ఆ సంగతి కూడా పుస్తకంలో ఎక్కించాను.