మానేసిన మూడోరోజు

ఆర్మూరు పక్కన ఓ పల్లె. కళ్లాల్లో పసుపు ఆరుతున్న రోజులు. పొద్దంతా కొమ్ములు ఉడకబెట్టిన ఆ పెద్దమనిషి సాయంత్రం కాగానే కల్లు దుకాణం బాట పట్టేవాడు. రెండు సీసాలు తాగితేనే ఒళ్లు నొప్పులు పోయేవి, కంటికి కునుకు పట్టేది. ఇరవై ఏళ్ల అలవాటు. ‘సారా కాదు, బ్రాందీ కాదు... చెట్టు కల్లే కదా!’ అని ఇంట్లోవాళ్లూ సరిపెట్టుకున్నారు.

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు మాత్రం ఊరుకోలేదు. “నాయినా, రేపటి సంది అటు దిక్కు పోవద్దు” అన్నాడు. తండ్రి సిద్ధులగుట్ట వైపు తిరిగి దండం పెట్టి ఒట్టేశాడు. మాట తప్పలేదు కూడా.

మర్నాటికే చేతులు వణికాయి. రాత్రంతా రెప్ప పడలేదు. రెండోరోజు గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. “ఒక్క సీస తాపు బిడ్డా, అదే తగ్గుతది” అంది నాయనమ్మ. కొడుకు ససేమిరా అన్నాడు. మూడోరోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న... “కల్లు ఎప్పుడు మానేశాడు?”

ఈతకైనా తాటికైనా కల్లు పారే కాలం కొంతే. తాగేవాళ్లకు మాత్రం ఏడాదంతా కావాలి. అందుకే నీళ్లలో శాక్రిన్ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి వేస్తారు. ఆందోళనకు అల్ప్రాజోలం రాసే డాక్టరు పావు, అర మిల్లీగ్రాము లెక్కన మొదలుపెడతాడు. కల్లులో వేసేవాడికి ఆ లెక్కేదీ? రోజూ అలవాటైన మందు ఒక్కసారిగా అందకపోతే మెదడు అదుపు తప్పుతుంది. వణుకు, భ్రమలు, ఫిట్స్... ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లుపై గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఇలాంటి లక్షణాలతోనే జనం ఆసుపత్రులకు, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు తీరారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు.

“నా చేతులతోని నేనే సంపుకుంటుంటి సార్!” అని కొడుకు ఏడ్చాడు. “మాన్పించడం తప్పు కాదు బాబూ, ఒక్కరోజులో మాన్పించడమే తప్పు” అన్నాడు డాక్టరు. కొలిచిన మోతాదులో మందిచ్చి, దాన్ని రోజులు, వారాల మీద మెల్లగా తగ్గించడమే దీనికి వైద్యం.

ఇప్పుడు ఆ ఇంట్లో, కట్టకు ఇరవై అయిదు చొప్పున బీడీలు లెక్కపెట్టే ఇల్లాలే మాత్రలూ లెక్కపెడుతోంది. ఒకటి, ముప్పావు, సగం...

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉంటే ఒట్టు వేయించుకోకండి, గదిలో పెట్టి గొళ్లెం వేయకండి. ముందు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14446కు ఫోన్ చేయండి. వ్యసనం మాన్పించాలంటే ముందు మనిషి బతకాలి కదా!