పులిమేక ఆటలో మేకల పక్షం: తేలని రూళ్ళు, తేల్చిన రూళ్ళు

పులిమేక ఆట మీద ఒక టపా రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. ఆట నేర్పడానికి కాదు, అది మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. గొడవలు ఎక్కడెక్కడ వస్తాయో చెప్పడానికి. ఈ ఆటలో ఓడిన వాడెవడూ "నేను ఓడిపోయాను" అనడు. "అలా ఆడకూడదు, రూలు ఒప్పుకోదు" అంటాడు. ఆ రూలు ఎక్కడ రాసుంది అంటే ఎక్కడా రాసుండదు.

టేబుల్ మీద బొమ్మ సైన్యాలతో యుద్ధం చేసే ఆటలు కొన్ని దేశాల్లో పెద్ద వ్యవహారం. 1987లో వచ్చిన వార్‌హామర్ 40,000నే తీసుకోండి. ఒక్కో సైన్యానికి ఒక్కో పుస్తకం ఉంటుంది. అందులో అర్థం కాని రూలు ఏదైనా ఉంటే కంపెనీ వాళ్ళే ప్రశ్నలు, జవాబులతో డాక్యుమెంటు వేస్తారు. మన పులిమేకలో కూడా రెండు సైన్యాలున్నాయి, కానీ కంపెనీ లేదు, పుస్తకం లేదు. అమ్మమ్మ ఉంది :)

అసలు ఇదంతా ఎందుకొచ్చిందంటే, పిన్ని కొడుకు "అన్నయ్యా, ఫోన్లో ఆడుకునేలా ఈ ఆట ఒకటి చేసిపెట్టవా" అన్నాడు. శనివారం కూర్చుంటే అయిపోయే పనే అనుకున్నా. కూర్చున్నాక తెలిసింది, ప్రోగ్రాం రాయడం సులువే, రిక్వైర్‌మెంట్సే లేవని. మనుషులైతే "సర్లే, ఈసారికి కానీ" అని సర్దుకుంటారు. కంప్యూటర్‌కి ఆ మాట అర్థం కాదు కదా. అందుకని మూడు ఇళ్ళకి ఫోన్లు చేశాను. పలాసలో అమ్మమ్మ, టెక్కలిలో మావయ్య, బారువ పక్కన పిన్ని వాళ్ళ పిల్లలు. ముగ్గురు క్లయింట్లు, మూడు వెర్షన్లు.

గొడవల్లోకి వెళ్ళే ముందు బొమ్మ ఒకసారి గుర్తు చేసుకుందాం. పైన ఒక కొన. దాన్నుంచి కిందికి నాలుగు వాలు గీతలు. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, వాటి చివరలు రెండు పక్కలా నిలువుగా కలిసి ఉంటాయి. అడుగున నాలుగు గీతల్నీ కలుపుతూ ఒక గీత. లెక్కపెడితే కొన 1, అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, మొత్తం 23 చుక్కలు. పులులు 3, మేకలు 15. మా వైపు అరుగు మీద సుద్దతో గీసి, పులులకి జీడిపిక్కలు, మేకలకి చింతపిక్కలు పెడతాం. తమిళులు దీన్నే ఆడుపులి ఆట్టం అంటారు. నేపాల్‌లో బాగ్‌చాల్ అని ఇంకోటి ఉంది, అందులో బొమ్మ వేరు, 4 పులులు, 20 మేకలు.

ఒక పులి కొన మీద, మిగతా రెండూ మొదటి అడ్డగీత నడిమి రెండు చుక్కల మీద ఉంటాయి. మేకలవాడు ఒక్కొక్క మేకనే దించుతాడు. పులి పక్క చుక్కకి నడుస్తుంది, లేదా మేక మీంచి దూకి అవతలి ఖాళీలో పడి ఆ మేకని తినేస్తుంది. మేకలు పులుల్ని ఎటూ కదలకుండా కట్టేస్తే గెలుపు. ఇంతవరకూ మూడు ఇళ్ళ వాళ్ళూ ఒప్పుకున్నారు. ఇక్కణ్ణించే రగడ.

మొదటిది, మేకలన్నీ దిగకముందే ఒక మేకని కదపొచ్చా? పిల్లలు కదపొచ్చన్నారు. అమ్మమ్మ, మావయ్య కుదరదన్నారు. నాకూ కుదరదనే అనిపిస్తుంది. దించిన మేక పారిపోలేదు కాబట్టే ఎక్కడ దించాలన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. దాన్ని కాపాడాలంటే దాని వెనక చుక్కలో ఇంకో మేకని దించాలి. సైన్యం కట్టడమంటే అదే. కదపొచ్చంటే ఆట మొత్తం దాగుడుమూతలైపోతుంది.

రెండోది, కొన మీద మేక ఉంటే ఒక వాలు గీత మీదున్న పులి దాని మీంచి దూకి ఇంకో వాలు గీతలోకి దిగొచ్చా? మావయ్య "దిగొచ్చురా, గీత కలిసే ఉంది కదా" అన్నాడు. ఇదే మాట అమ్మమ్మకి చెప్తే ఆవిడ నవ్వి, "అలగ మెలి తిరిగిపోతే అది పులేటి, పామేటి?" అంది. ఇంత మంచి స్పెక్ నేను ఆఫీసులో కూడా చూళ్ళేదు. దూకుడు ఎప్పుడూ తిన్నగానే. ఈ ఒక్క మాటతో ఒక లెక్క తేలిపోతుంది. మేకకి అటూ ఇటూ ఒకే గీత మీద చుక్కలుంటేనే పులి దాన్ని తినగలదు. అలా లేని చుక్కలు బొమ్మలో సరిగ్గా 7. కొన, పై అడ్డగీత రెండు చివరలు, మూడో అడ్డగీత రెండు చివరలు, అడుగు గీత రెండు చివరలు. అక్కడ దించిన మేకని ఆట అయ్యేదాకా ఏ పులీ ముట్టుకోలేదు. మొదట్లో కొన మీద పులి ఉంటుంది కాబట్టి మొదటి ఆరు మేకల్నీ నిర్భయంగా దించుకోవచ్చు. మనం రోజూ కార్నర్ కేసులని తిట్టుకుంటాం గానీ ఇక్కడ మేకల ప్రాణం కార్నర్లలోనే ఉంది. అమ్మమ్మ ఎప్పుడూ ముందు మూలలే నింపేది, లెక్కలేమీ వెయ్యకుండానే.

మూడోది, ఒకే వంతులో పులి వరసగా రెండు మూడు దూకుళ్ళు వెయ్యొచ్చా? పిల్లల ఇంట్లో వెయ్యొచ్చు, మిగతా రెండు ఇళ్ళల్లో కాదు. పిల్లలకి ఈ రూలు ఎలా అంటుకుందో పిన్ని చెప్పింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు పడిపోయి, కరెంటు లేక, ఫోన్లు చచ్చిపోయి ఉన్న రోజుల్లో వీధి పిల్లలందరూ ఒక అరుగు మీద చేరి ఆడుకున్నారట. ఎవడింట్లో రూలు వాడు తెచ్చాడు. అన్నీ కలిపి ఒకటైంది. మనం మూడు ప్రాజెక్టుల కోడు మెర్జ్ చేసినట్టన్నమాట! కానీ వరస దూకుళ్ళు ఒప్పుకుంటే, ఒక చుక్క విడిచి ఒక చుక్కలో నిలబడ్డ మేకలు ఒక్క వంతులో తుడిచిపెట్టుకుపోతాయి. దిద్దుకునే అవకాశం కూడా ఉండదు. వంతుకి ఒక్క దూకుడే అని పెట్టాను.

నాలుగోది, మేక దొరికితే పులి తినే తీరాలా? ఇది చూడ్డానికి చిన్నది గానీ ఆటనే మార్చేస్తుంది. తినే తీరాలంటే మేకలవాడు ఒక మేకని ఎర వేసి పులిని తనకి కావలసిన మూలకి లాక్కుపోగలడు. అంటే ఆ రూలు మేకలకి లాభం. మా అమ్మమ్మ ఎప్పుడూ మేకలే ఆడుతుంది కాబట్టి తినే తీరాలంటుందని అనుకున్నా. అనలేదు. "ఆకల్లేని పులికి నువ్వు మేకనిత్తే మాత్రం తింటాదేటి? దానిష్టం" అంది. తన పక్షానికి నష్టమైనా సరే, ఆట అంటే అదే అంది.

అయిదోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. 15 మేకలూ దిగాక, నీ వంతు వచ్చినప్పుడు "నేను కదపను" అనొచ్చా? 15 మేకలు, 3 పులులు ఉంటే ఖాళీ చుక్కలు అయిదే. మేకలు గట్టిగా గోడ కట్టుకుని ఉన్నప్పుడు ఏ మేకని కదిపినా గోడలో కన్నం పడొచ్చు. కదపక్కర్లేదంటే గోడ అలాగే ఉంటుంది, ఆట ఆగిపోతుంది. అమ్మమ్మ తీర్పు: "వంతొచ్చినాక ఏదో ఒకటి కదపాల. కదపనంటే ఆటెందుకు, ఎల్లి గుళ్ళో కూకో." పులికైనా అంతే, కదలగలిగిన పులి ఒక్కటున్నా కదలాల్సిందే.

ఆరోది, ఒక పులి కట్టుబడితే దాన్ని తీసెయ్యాలా? కొందరు "పులి చచ్చింది" అని తీసేస్తారు. ఇది మేకలకి లాభంలా కనిపిస్తుంది, కానీ ఆలోచించండి. పులిని తీస్తే ఆ చుక్క ఖాళీ. సరిగ్గా మేకల గోడ మధ్యలో కన్నం. మిగతా పులులు దూకడానికి చోటు దొరికినట్టే. పైగా మేకలు జరిగితే కట్టుబడ్డ పులి మళ్ళీ లేచి రావడంలోనే ఆటకి మజా. కాబట్టి పులి ఉన్నచోటే ఉంటుంది.

ఏడోది, ఎన్ని మేకల్ని తింటే పులులు గెలిచినట్టు? ఒకరు 5 అన్నారు, ఒకరు 8, మావయ్యయితే "నువ్వు చేతులెత్తేసేదాకా" అన్నాడు. ఇది అడిగి తేల్చేది కాదని ప్రోగ్రాం రాశాను. 23 చుక్కల్లో మూడు పులుల్ని 1,771 రకాలుగా పెట్టొచ్చు. ప్రతి రకానికీ మూడూ కదలకుండా ఉండడానికి కనీసం ఎన్ని మేకలు కావాలో లెక్కేయించాను. జవాబు 6. మూడు పులులూ ఒక పక్క నిలువు గీత మీద వరసగా ఉంటే, మూడు అడ్డగీతల మీదా వాటి పక్కన రెండేసి మేకలు. అంతే, కట్టు పడిపోతుంది. అంతకన్నా తక్కువతో ఎక్కడా పడదు. అంటే 10 మేకలు పోయి 5 మిగిలాక మేకలు గెలవడమన్నది జరగని పని. మేకలకి న్యాయం చెయ్యాలంటే గీత అక్కడ గియ్యాలి. 9 పోయినా దారి ఒకటుంది, సన్నదే, కానీ ఉంది.

చివరిది, ఇద్దరూ అవే ఎత్తులు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే? మావయ్య "మేకలే మార్చుకోవాలి" అన్నాడు. అమ్మమ్మ "మూడుసార్లు అదే తిరుగుడైతే ఇద్దరూ లెగిసిపోవాల" అంది. చదరంగంలో కూడా ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. నేపాలీ బాగ్‌చాల్‌లో మేకలన్నీ దిగాక వచ్చిన స్థితే మళ్ళీ రాకూడదంటారు. ఇది చాదస్తం కాదు. బాగ్‌చాల్‌ని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే ఇద్దరు 2000ల్లో కంప్యూటర్‌తో తేల్చారు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే డ్రా. మన బొమ్మ వేరు కాబట్టి ఆ ఫలితం మనకి వర్తించదు. కానీ ఒకటి గమనించండి. అంత సరిసమానంగా నడిచే ఆటలో "తిరుగుడు పడితే ఎవరు మార్చుకోవాలి" అన్న ఒక్క రూలే గెలుపోటములు తేల్చేస్తుంది. మన బొమ్మలో 15 మేకలూ బతికున్న స్థితులు 2,74,57,584. ఫోన్‌కి అదేమంత పెద్ద లెక్క కాదు, ఎప్పుడైనా ఓ వారం సెలవు దొరికితే చూడాలి.

ఈ జవాబులన్నీ ఒక కాగితం మీద వేసుకున్నాక ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. మావయ్య చెప్పిన రూళ్ళు ఒక్కొక్కటే చూస్తే దేనికదే సబబుగా ఉంటుంది. కలిపి చూస్తే, లాభమంటూ ఉంటే అది పులిదే. కొన మీద మెలి తిరగొచ్చు, తినకపోయినా పర్లేదు, తిరుగుడు పడితే మేకే మార్చుకోవాలి. ఆయన మోసగాడు కాదు, చాలా మంచివాడు. కాకపోతే మా ఇంట్లో పులులు ఎప్పుడూ మగవాళ్ళవి, మేకలు ఆడవాళ్ళవి, పిల్లలవి. రూలు రాసి లేనప్పుడు సందేహం వస్తే గొంతు పెద్దదైన వాడి మాట నెగ్గుతుంది. ఆ గొంతు ఎప్పుడూ పులుల వైపే కూర్చునుండేది. జీడిపప్పు పనికి వెళ్ళొచ్చి, సాయంత్రం అరుగు మీద మేకలాడిన అమ్మమ్మకి రూళ్ళన్నీ తెలుసు, వాటి వెనక కారణాలూ తెలుసు. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నేను అడిగింది కూడా ప్రోగ్రాం ఆగిపోయింది కాబట్టి.

పులికి రూలు లేకపోయినా గడిచిపోతుంది, దానికి కాళ్ళలో బలం ఉంది. మేకకి ఉన్నవి రెండే, సంఖ్య, వరస. ఆ రెండూ పనిచెయ్యాలంటే ఆట మధ్యలో రూలు మారకూడదు. ఆఫీసులో కూడా చూడండి, "అవన్నీ ఎందుకు రాసుకోవడం, నోటిమాట చాలు" అనేది ఎప్పుడూ బలమున్నవాడే.

సరే, నేను ఫ్రీజ్ చేసిన స్పెక్ ఇదీ:

1. 15 మేకలూ దిగేదాకా ఏ మేకా కదలదు.
2. దూకుడు తిన్నగానే, కొన మీద మెలి లేదు.
3. వంతుకి ఒక్క దూకుడు.
4. తినడం పులి ఇష్టం.
5. వంతు వస్తే కదపాల్సిందే.
6. కట్టుబడ్డ పులి బొమ్మ మీదే ఉంటుంది.
7. 10 మేకలు పోతే పులుల గెలుపు.
8. అదే స్థితి మూడోసారి వస్తే ఆట సమానం.

ఇదే అసలైన రూలని నేననడం లేదు. మీ ఇంట్లో ఇంకోలా ఉండొచ్చు, ఉండనివ్వండి. పిక్కలు పెట్టకముందే ఈ ఎనిమిది ప్రశ్నలకీ జవాబులు అనుకోండి చాలు. అడిగేటప్పుడు ముందు మేకలాడేవాళ్ళని అడగండి. మావయ్యకి ఈ జాబితా పంపాను. "రెండో రూలు ఒప్పుకోను రా అల్లుడూ, పండక్కి రా, తేల్చుకుందాం" అన్నాడు. అమ్మమ్మ మేకలాడుతుంది, నేను పక్కన కూర్చుని రూళ్ళు చదువుతాను :)