చిన్నకారు

సామాన్య మానవుని కోరికల చరిత్రను వ్రాయదలచినవాడు మన దేశంలో చిన్నకారును విస్మరించలేడు. స్వాతంత్ర్యానంతరం మూడు దశాబ్దాలకు పైగా ఇచ్చట కారు అంటే ప్రధానంగా రెండే రూపాలు. ఒకటి కలకత్తా సమీపాన ఉత్తరపరాలో తయారైన అంబాసిడర్, రెండవది బొంబాయి ఫియట్. ధనవంతులు సైతం పేరు నమోదు చేయించుకొని సంవత్సరాల తరబడి నిరీక్షించవలసి వచ్చేది. ఇక పరకాల వంటి పట్టణంలో కారు ప్రయాణసాధనం కాదు, హోదాకు చిహ్నం.

సామాన్యునికి అందే ధరలో ఒక చిన్నకారు ఉండాలన్న ఆలోచన 1950 దశకాంతం నుండే ప్రభుత్వ సంఘాల ముందుకు వచ్చి, ఫైళ్లలోనే నిద్రించింది. 1971లో సంజయ్ గాంధీ స్థాపించిన మారుతి మోటార్స్ ఆ దశాబ్దం ముగిసేలోగానే మూతపడింది. 1981 ఫిబ్రవరిలో ప్రభుత్వరంగ సంస్థగా మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982 అక్టోబరులో జపానుకు చెందిన సుజుకి సంస్థతో ఒడంబడిక కుదిరింది. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళంచెవిని ఒక కొనుగోలుదారునికి అందజేశారు. ముందుగా డబ్బు కట్టి పేర్లు నమోదు చేయించుకున్నవారు అప్పటికే లక్షకు పైగా ఉన్నారు.

ధర రూ. 47,500. ఈ అంకెను చూచి నేటి విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చును. కాని ఆనాడు నెలకు వేయి రూపాయలు సంపాదించే ఉద్యోగి ఒక్క పైసా ఖర్చు చేయకుండా కూడబెట్టినా నాలుగు సంవత్సరాలు పట్టేది. కనుక 'చవక' అన్న మాట ఎవరి నోటి నుండి వచ్చినదో ముందుగా విచారించుకొనడం మంచిది.

యంత్రం మాత్రం నిజంగా మెచ్చదగినది. మూడు సిలిండర్లు, 796 సి.సి. సామర్థ్యం. ఇంజన్ శక్తి ముందు చక్రాలకే చేరుతుంది గనుక, అంబాసిడర్‌లో వలె వెనుక ఇరుసు దాకా పొడవాటి షాఫ్టు అవసరం లేదు. అందుచేత కారు తేలికైంది, లోపల కాళ్లు చాపుకొనే చోటు మిగిలింది, పెట్రోలు ఆదా అయింది. 1986లో దీని ఆకారం మారింది. మనమందరం ఎరిగిన రూపం అదే. కార్బురేటరుకు బదులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు అందించే ఇంజన్లు 2000 ప్రాంతంలో వచ్చాయి.

కంపెనీ లెక్కలో ఒక కారు ఒక్కసారే అమ్ముడవుతుంది. మా ఊరి లెక్కలో నాలుగైదుసార్లు అమ్ముడవుతుంది. చిన్నకారు యొక్క అసలు చరిత్ర ఈ రెండవ లెక్కలోనే ఉన్నదని నా అభిప్రాయం. మా ఇంటి ముందున్నది 1998 నాటి కారు, ఏపీ 36 నంబరుది. మొదట హనుమకొండలో ఒక వైద్యుని వద్ద, పిదప ఒక పత్తి వ్యాపారి వద్ద ఉండి, 2009లో బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉన్న మా నాన్నగారి చేతికి వచ్చింది. అమ్మ మెడలోని గొలుసు కుదువకు పోయింది. సరిగ్గా ఆ సంవత్సరం మార్చిలోనే లక్ష రూపాయల కారుగా ప్రఖ్యాతి పొందిన టాటా నానో విడుదలైంది. నాన్నగారు దానివైపు కన్నెత్తి చూడలేదు. 'లక్ష' అన్నది పత్రికల్లోని మాట, మూడవ చేతి మారుతి తన చేతిలోని మాట అని ఆయన తర్కం. పేదవాని కారు అని ముద్ర వేసి అమ్మితే, పేదవాడు కూడా అందులో కూర్చుండడానికి జంకుతాడు. నానో తయారీ 2018లో నిలిచిపోయింది.

అప్పటికి మారుతి 800 కథ కూడా ముగిసిపోయింది. ఉద్గారాల కొత్త నిబంధనల కారణంగా 2010 ఏప్రిల్ నుండి హైదరాబాదుతో సహా పెద్ద నగరాల్లో అమ్మకం ఆగింది. 2014 జనవరిలో ఉత్పత్తియే నిలిచింది. మొత్తం తయారైనవి 28 లక్షలకు పైచిలుకు. అదే సంవత్సరం మే నెలలో అంబాసిడర్ కర్మాగారం కూడా మూతపడటం విచిత్రం.

మా కారు మాత్రం ఆగలేదు. 2021 నుండి మా నాయనమ్మకు వారానికి రెండుమార్లు వరంగల్‌లో డయాలసిస్ చేయించవలసి వస్తున్నది. ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు. గూడెప్పాడు మీదుగా రానుపోను సుమారు డెబ్బై కిలోమీటర్లు ఆటోలో కుదుపులకు ఓర్వలేదు. 2023లో కారు రిజిస్ట్రేషన్ గడువు తీరింది. పదిహేనేళ్లు దాటిన కార్లకు పునర్నమోదు రుసుము 2022 ఏప్రిల్ నుండి అప్పట్లో అయిదు వేలుగా ఉండేది. పాత ఇనుము వ్యాపారి పాతిక వేలు ఇస్తానన్నాడు.

"అన్నా, దీని మీద పెట్టే డబ్బుతో కిరాయి కారు మాట్లాడుకోవచ్చు గదా" అన్నాడు చిన్నాన్న.

నాన్నగారు బదులు పలుకలేదు. నేను కాగితం మీద లెక్క వేసి ఇద్దరి ముందు ఉంచాను. కిరాయి కారుకు ఒక్క ప్రయాణానికి పదిహేను వందలు, మన కారుకు పెట్రోలు అయిదు వందలు. వారానికి రెండు వేలు మిగులుతాయి. చిన్నాన్న ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి, "మరి భూపాలపల్లి బొగ్గు లారీ ఎదురైతేనో?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా లెక్కలో స్థానం లేదు. ఈ కారు రేకు పలుచన, గాలిసంచులు లేవు. చవకదనంలో ఒక భాగం అక్కడి నుండే వచ్చిందన్నది కాదనలేని సత్యం. చివరకు రిజిస్ట్రేషన్ 2028 వరకు పొడిగింపబడింది. నాన్నగారు చీకటి పడిన తరువాత ఆ దారిన బండి తీయడం మానుకున్నారు.

ఇప్పటి చిక్కు వేరు. కార్బురేటరు విప్పి సరిచేయగలవారు అరుదైపోయారు. మా పేటలోని వృద్ధ ఉస్తాద్ ఇంజన్ శబ్దం విని రోగం చెప్పగలడు. ఆయన కుమారుడు కంప్యూటరు తగిలించనిదే బానెట్ ఎత్తడు. అది అతని తప్పు కాదు, అతని వద్దకు వచ్చే బండ్లు అటువంటివి. గడచిన చలికాలంలో చోక్ లాగినా బండి కదలకపోతే, ఉస్తాద్ కార్బురేటరును పళ్లెంలో విప్పి, జెట్టును పెట్రోలులో కడిగి, నోటితో ఊది నా చేతికిచ్చాడు. "ఇందులోంచి వెలుతురు కనిపిస్తున్నదా? నా కళ్లకు ఆనడం లేదు బేటా" అన్నాడు. కనిపిస్తున్నదన్నాను. బిగించమన్నాడు. మరునాడు మంగళవారం, నాయనమ్మ వంతు. తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరాము.