గుండ్ల మీద గుంజొద్దు

బీటెక్ మెకానికల్ చదివి జావా రాసుకుంటూ బతికేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మన జాతి పెద్దదే, ఇది చదువుతున్నవాళ్ళలో కూడా చాలామందే ఉండి ఉంటారు :) మెషీన్ డిజైన్‌లో "ఇంటర్‌ఫెరెన్స్ ఫిట్ అనగానేమి?" అని రెండు మార్కుల ప్రశ్న ఒకటి వచ్చేది, గుర్తుందా? రంధ్రం కన్నా షాఫ్టు కాస్త లావుగా ఉండటం అని రాసేసి మార్కులు పట్టుకుపోయేవాళ్ళం. అలా బిగించి ఎక్కించినదాన్ని పాడవకుండా మళ్ళీ ఎలా తియ్యాలి అని మాత్రం ఏ పేపర్లోనూ అడిగిన గుర్తు లేదు. మా కరీంనగర్ వైపు పల్లెల్లో ప్రతి వానాకాలం అడుగుతారు.

ఎందుకంటే కరిగెట. ట్రాక్టరుకి ఇనుప కేజీ వీల్స్ వేసి మడిలో దింపితే వెనక ఇరుసు సగం రోజు బురదనీళ్ళలోనే తిరుగుతుంది. (అవే వీల్స్‌తో తారు రోడ్డెక్కేవాళ్ళ గురించి ఇంకో టపా రాయాలి.) బురద ముందుగా తినేది ఆయిల్ సీలుని. సీలు పోతే లోపలి ఆయిలు బయటికొస్తుంది, కొన్ని మోడళ్ళలో తిన్నగా బ్రేకుల్లోకే వస్తుంది. సీలు ఖరీదు ఎంతో కాదు. కానీ అది బేరింగు వెనకాల కూర్చుని ఉంటుంది. బేరింగు శుభ్రంగా ఉన్నా సరే, దాన్ని తియ్యకుండా సీలు దగ్గరికి చెయ్యి పోదు.

పోయిన వానాకాలం మా పెదబాపు ట్రాక్టరుకి ఇదే అయ్యింది. ఆదివారం. ఆ సైజు బేరింగు దొరికే దుకాణం మూసి ఉంది. కాలువ నీళ్ళ వంతు మాకు ఇంకో రెండు రోజులే. వంతు దాటితే నీళ్ళు కింది ఊరికి పోతాయి, ట్రాక్టరు బాగయినా మడి ఎండి ఉంటుంది. అంటే ఉన్న బేరింగునే బతికించి మళ్ళీ వాడాలి, వేరే దారి లేదు.

జగిత్యాల రోడ్డు మీది షెడ్డుకి ఇరుసు ఊడదీసి పట్టుకెళ్ళాం. అక్కడ పనిచేసే పోరడు మూడు కాళ్ళ పుల్లర్ తెచ్చి బేరింగు బయటి చుట్టుకి తగిలించబోయాడు. చూడ్డానికి అదే సులువు, పట్టు బాగా దొరుకుతుంది. ఉస్తాద్ దూరం నుంచే అరిచాడు: "ఆగురా! గుండ్ల మీద గుంజకు. లోపలి చుట్టు పట్టు."

మొత్తం విద్య ఆ ఒక్క మాటలో ఉంది. ట్రాక్టరు వెనక ఇరుసులో తిరిగేది ఇరుసే, కాబట్టి బిగుతంతా లోపలి చుట్టుకీ ఇరుసుకీ మధ్య ఉంటుంది. బయటి చుట్టు పట్టి లాగితే ఆ బలం లోపలికి చేరడానికి ఉన్న దారి గుండ్లే. ఒక్కో గుండు చుట్టుని తాకే చోటు ఆవగింజ కంటే చిన్నది. టన్నుల బలం ఆ చుక్క మీద పడితే దారిలో సొట్ట పడుతుంది. గుండ్లు ఎంత దూరంలో ఉన్నాయో సొట్టలూ అంతే దూరంలో, వరసగా. దీన్ని బ్రినెల్లింగ్ అంటారు, 1900లో లోహాల గట్టిదనం కొలిచే పరీక్ష కనిపెట్టిన స్వీడన్ ఇంజినీర్ బ్రినెల్ పేరు మీద. ఆయన కావాలని గుండుతో సొట్ట చేసి కొలిచాడు, మనం కొలవకుండా చేస్తాం, అంతే తేడా. బేరింగు పైకి కొత్తదానిలాగే ఉంటుంది, చేత్తో తిప్పితే తిరుగుతుంది. ట్రాక్టరుకి ఎక్కించి బరువు పడ్డాక మొదలవుతుంది గరగర. టెస్టింగ్‌లో పాసై ప్రొడక్షన్‌లో పడిపోయే కోడ్ మనకి కొత్తేమీ కాదు కదా.

సరే, లోపలి చుట్టు పట్టుకోవాలంటే వెనకాల సందు ఉండదు. దానికి ఉస్తాద్ దగ్గర లేత్ షాపులో చేయించుకున్న రెండు అరచందమామ ప్లేట్లు ఉన్నాయి. అంచు కత్తిలా పలచగా ఉంటుంది. రెండిటినీ బేరింగు వెనక దూర్చి బోల్టులతో దగ్గరికి లాగితే అంచు లోపలి చుట్టు కిందికి జారుతుంది. పుల్లర్ తగిలించాల్సింది ఆ ప్లేట్లకి. కంపెనీ వాళ్ళు సెపరేటర్ అని అమ్మేదీ ఇదే. పుల్లర్ బిగించాడు, రాలేదు. ఇక్కడ చాలామంది సుత్తి అందుకుంటారు. బేరింగు ఉక్కు గట్టిదే గానీ పెళుసు, సుత్తితో నేరుగా కొడితే పెచ్చు లేచి కంట్లో పడుతుంది. ఉస్తాద్ పుల్లర్‌ని బిగువు మీదే వదిలేసి పొయ్యి వెలిగించాడు.

ఇక్కడ నా రెండు మార్కుల చదువు కాస్త పనికొచ్చింది. బేరింగు నంబరులో చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే రంధ్రం కొలత వస్తుంది (04 నుంచి పైకి). 6212 అంటే 60 మి.మీ. ఆ సైజుకి బిగుతు మహా అయితే 0.04 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది, తల వెంట్రుక కన్నా తక్కువ. ఉక్కు ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 12 వంతులు సాగుతుంది. అంటే లోపలి చుట్టు ఇరుసు కన్నా 80 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే రంధ్రం 0.058 మి.మీ. పెరుగుతుంది, పట్టు వదిలేస్తుంది. కానీ ఇరుసు కూడా వేడెక్కితే అదీ లావెక్కుతుంది, శ్రమ వృథా. అందుకే ఇరుసుకి తడి గోనె చుట్టి, కాగిన ఆయిల్ని గరిటెతో లోపలి చుట్టు మీద మాత్రమే పోశాడు. (ఆయిలు తడి గోనె మీద పడితే చిటపటలాడుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి.) నాలుగో గరిటెకి టక్‌మని కదిలింది. పూర్వం కమ్మరి పిడకల మంటలో ఇనుప పట్టా కాల్చి బండి చక్రానికి ఎక్కించేవాడు చూడండి, ఇదీ ఆ లెక్కే, కాకపోతే తిరగేసి.

గ్యాస్ కటింగ్ మంట పెడితే ఇంకా తొందరగా వస్తుంది కదా అంటారు. వస్తుంది, పారేసే బేరింగు అయితే అలాగే తియ్యండి. తిరిగి వాడేదయితే 120 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఉక్కు నీలం రంగు తిరిగిందంటే 300 దాకా పోయినట్టే, గట్టిదనం పోయాక అది బేరింగు కాదు, కంకణం.

తీశాక డీజిల్‌లో కడిగి ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిలేసి నెమ్మదిగా తిప్పి చూడాలి. వేలికి ఎక్కడైనా గంట్లు తగిలినట్టుంటే మొహమాటం లేకుండా పక్కన పెట్టెయ్యాలి. కంప్రెసర్ గాలితో రయ్యిమని తిప్పడం మాత్రం వద్దు, పొడి గుండ్లు చుట్టుల్ని గీసేస్తాయి. మాది నున్నగా తిరిగింది. కొత్త సీలు వేసి, బేరింగుని ఆయిల్లోనే వెచ్చబెట్టి, లోపలి చుట్టుకి సరిపోయే పైపు ముక్కతో నెట్టి కూర్చోబెట్టారు.

ఆదిలాబాద్ వైపు పత్తి మోసే ట్రాలీలకీ, టైర్ల బండ్లకీ ఇదే పద్ధతి అనుకునేరు. అక్కడ ఇరుసు కదలదు, చక్రం తిరుగుతుంది. అందుకని బిగుతు బయటి చుట్టుకీ హబ్బుకీ మధ్య ఉంటుంది. లోపలి భాగం మామూలుగా చేత్తోనే ఊడి వస్తుంది. హబ్బులో మిగిలిన బయటి చుట్టుని వెనక నుంచి ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తడుతూ దింపాలి. ఒకే పక్క కొడితే వంకరగా ఇరుక్కుని హబ్బునే గీరేస్తుంది.