ఎర్రధూళి సీమలో కందెన చుక్క

విశాఖపట్నం నుండి కిరండూల్ చేరే రైలుమార్గం తూర్పు కనుమల సొరంగాలను, అరకు లోయను, కోరాపుట్ పీఠభూమిని దాటి బస్తర్ సీమలో ప్రవేశిస్తుంది. ఇనుప ఖనిజ రవాణా ప్రధానోద్దేశంగా 1960వ దశకంలో నిర్మితమైన మార్గమిది. దంతేవాడ దాటేసరికి పచ్చని అడవుల నడుమ నేల ఎరుపెక్కుతుంది. ఎద్దు మూపురాన్ని తలపించే కొండలు దర్శనమిస్తాయి. 'బైలాడిలా' అన్న పేరుకు అర్థం కూడా అదే.

బస్తర్ మనకు పరాయి సీమ కాదు. ఓరుగల్లు కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇక్కడి రాజవంశానికి మూలపురుషుడని ప్రతీతి. హైదరాబాదు కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. ఈ ఖనిజం విశాఖ రేవు మీదుగా జపానుకు చేరింది. విశాఖ ఉక్కు కర్మాగారానికీ ఆధారమైంది.

సందర్శకుల దృష్టి సహజంగా భారీ షవళ్ళ మీద, డంపర్ల మీద నిలుస్తుంది. అయితే వాటిలో ఒక పిన్నో, బుష్షో అరిగితే పని ఆగిపోతుంది. నగరాలకు దూరంగా ఉన్న గని ప్రాంతంలో అటువంటి విడిభాగాన్ని అప్పటికప్పుడు తయారుచేసి ఇవ్వగలిగేది లేత్ యంత్రమే. దానికి ఇక్కడ ఇద్దరు శత్రువులు: వేసవిలో ఎర్రధూళి, వానకాలంలో తేమ.

నగలకు, అద్దాలకు మెరుగుపెట్టే ఎర్రపొడి ఐరన్ ఆక్సైడే. ఖనిజధూళిలోని ప్రధాన పదార్థమూ అదే. నూనెతో కలిస్తే అది సానపెట్టే ముద్దగా మారి, లేత్ బెడ్‌ను నిశ్శబ్దంగా అరగదీస్తుంది. పని ఎక్కువగా జరిగే చక్ సమీపంలోనే అరుగుదల అధికం. అటుపిమ్మట ఎంతటి నిపుణుడైన టర్నర్‌కైనా పొడవైన శాఫ్టు ఆ కొస నుండి ఈ కొసకు ఒకే వ్యాసంలో రావడం కష్టం. కొలత తప్పిన శాఫ్టు బేరింగును వేడెక్కించి, తుదకు యంత్రాన్నే ఆపుతుంది.

కనుక ముందు శుభ్రత, పిదప నూనె. మెయిన్ స్విచ్ ఆపి, లోహపు రజనును బ్రష్షుతో తీసి, బెడ్‌ను పొడిగుడ్డతో తుడవాలి. గాలిగొట్టంతో ఊదితే ధూళి క్యారేజ్ కిందికి చొరబడుతుంది. తర్వాత బెడ్‌పై పలుచగా స్లైడ్‌వే నూనె రాసి, క్యారేజ్‌ను రెండు కొసల వరకూ చేతితో నడపాలి. లీడ్ స్క్రూను, నూనె రంధ్రాలను మరువరాదు. హెడ్‌స్టాక్ నూనె మట్టాన్ని గాజుకంటిలో చూడాలి. తయారీదారు సూచించిన నూనెనే వాడాలి. బెడ్‌కు గ్రీజు తగదు. అది ధూళిని పట్టి ఉంచుతుంది. నీటితో కలిపిన కూలెంట్ బెడ్ మీది నూనెను కడిగివేస్తుంది. కనుక వానకాలంలో షిఫ్టు ముగిసే ముందు కూలెంట్‌ను తుడిచి, మళ్ళీ నూనె రాయనిదే తుప్పు తప్పదు.

దంతేశ్వరీ దేవి పేరిట జరిగే బస్తర్ దసరా 75 రోజుల ఉత్సవం. మన కార్మిక సోదరులకూ దసరా అంటే ఆయుధపూజే. ఆనాడు లేత్‌కు పసుపు కుంకుమలు అలంకరించి నమస్కరిస్తాం. ఆ భక్తి ఏటికొక్క దినానికి పరిమితం కారాదు. ప్రతి షిఫ్టు చివర ఒక పొడిగుడ్డ, నాలుగు చుక్కల నూనె, కొద్ది నిమిషాల ఓర్పు: యంత్రం మననుండి కోరే నిత్యపూజ ఇంతే.