తాళం పడిన ఇల్లు

హైదర్‌గూడ వచ్చినవారు శాసనసభ్యుల నివాసాలు చూసి వెళ్లిపోతారు. ఆ చుట్టుపక్కల సందులలోకి ఎవరు పోతారు? నేను పోతాను. అక్కడ మా పిన్ని ఇల్లున్నది. దాని తాళంచెవి నా దగ్గర ఉండేది.

పిన్ని పోయి తొమ్మిదేళ్లయింది. తమ్ముడు అమెరికాలో స్థిరపడ్డాడు. "కాస్త చూస్తూండు అన్నయ్యా" అన్నాడు. చూస్తూనే ఉన్నాను, గేటు బయటినుంచి! కిందటి వానాకాలంలో పొరుగింటావిడ పట్టుకున్నది: "మాష్టారూ, మీ డాబామీద నీళ్లు నిలిచి మా గోడ చెమ్మగిల్లుతోందండీ. మీకేం, తాళం వేసుకుపోతారు!"

లోపలికి వెళ్లాను. డాబా తూములో రావిమొక్క మొలిచింది. పిన్ని ఆవకాయ జాడీలు పెట్టుకునే అలమరను చెదలు తినేసినవి. వాడితే ఇల్లు అరుగుతుందంటారు. వాడకపోతే కూలుతుందని ఆనాడు తెలిసింది.

మేస్త్రీకోసం కోఠీవైపు నడిచాను. దారిలోనే కింగ్ కోఠీ. ఏడవ నిజాం 1967లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. ఆ ప్రాసాదంలో ఒక భాగం ఇప్పుడు ప్రభుత్వాసుపత్రి. బొగ్గులకుంట దాటి కోఠీ చేరితే రెసిడెన్సీ. 1803 ప్రాంతాన జేమ్స్ కర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనాన్ని ఆంగ్లేయులు 1947లో విడిచివెళ్లారు. 1949లో ఆడపిల్లల కళాశాల అందులోకి వచ్చింది, 2022లో విశ్వవిద్యాలయమైంది. అయితే సరైన మరమ్మతులు లేక ప్రధాన భవనం పాడై, దాన్ని ఏళ్లతరబడి బాగుచేయవలసి వచ్చింది. తలుపులు తీస్తేనే చాలదన్నమాట!

ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేశాను.

"అద్దెకిస్తే ఖాళీ చేయరేమో అన్నయ్యా!"

వాడి భయం ఊరికే పుట్టలేదు. 1960 నాటి అద్దె చట్టం కింద యజమాని పొమ్మన్నంత మాత్రాన అద్దెవారు పోనక్కరలేదు. చట్టం చెప్పిన కారణం ఏదో ఒకటి రుజువు కావాలి. ఆ భయంతో ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో! 2011 జనాభా లెక్కలలో, దేశంలోని పట్టణాలలోనే కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలినవి. తలదాచుకోను చోటు దొరకనివారు మరొక పక్క.

"పదకొండు నెలలకు ఒడంబడిక రాసుకుందాం. మరమ్మతు ఖర్చు వచ్చే అద్దెలో రాబట్టుకుందాం" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. "అమ్మ గది మాత్రం..." అన్నాడు.

"అమ్మ గదిలోనే మొదట దీపం వెలగాలిరా" అన్నాను.

సంక్రాంతికి ఒక నర్సమ్మా, ఆమె తల్లీ, ఇద్దరు పిల్లలూ ఆ ఇంట్లో దిగారు. ఆమెకు ఆసుపత్రి నడకదూరమే. నిన్న వెళ్లి చూస్తే వాకిట్లో ముగ్గు, లోపల పోపు ఘుమఘుమ. పొరుగింటావిడను గోడ సంగతి అడిగాను.

"గోడ ఆరిందండీ. పిల్లలే ఆ గోడెక్కి మా జామకాయలు కోసేస్తున్నారు!"

ఒక ఫిర్యాదు వినడం ఇంత హాయిగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.