కొండదారిలో కాఫిలా: మైలవరం మీదుగా గండికోటకు

కడప జిల్లాలో ప్రవేశించిన పెన్నానదికి ఎర్రమల కొండలు అడ్డు నిలుస్తాయి. నది వాటిని చుట్టి పోలేదు, చీల్చుకొని పోయింది. ఆ చీలికనే మన పెద్దలు గండి అన్నారు. ఆ గండి అంచున వెలసిన దుర్గమే గండికోట. గండి దాటి బయటపడిన నీరు మైలవరం ఆనకట్ట వెనుక, సుమారు 10 టి.ఎం.సి.ల సామర్థ్యం గల జలాశయంలో కాస్త విశ్రమించి, అటుపై జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా సాగిపోతుంది. ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగుకు సుమారు 20 కిలోమీటర్లు. అక్కడినుండి గండికోటకు మరో 15 కిలోమీటర్లు. దేశదేశాల యాత్రికులు వెతుక్కుంటూ వచ్చే ఈ దారిని, దాని పక్కనే పుట్టి పెరిగి కూడా ఒక్కసారైనా చూడని వారు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. వారిలో స్త్రీలు, వృద్ధులే అధికం.

మా ఇళ్ళ సంగతీ అంతే. ప్రొద్దుటూరులో 5 కుటుంబాలు, పులివెందులలో ఒక కుటుంబం కలిసి మా బంధువర్గం. మా దాదీమాకు 78 ఏళ్ళు. పెన్నా నీళ్ళు తాగుతూ జీవితమంతా గడిపిన ఆమె, ఆ నది కొండను కోసిన చోటును చూడలేదు. గత శీతాకాలంలో, పిల్లల సెలవులలో, అందరమూ కలిసి ఒక రోజు కొండదారి ప్రయాణం చేయాలని మేము సంకల్పించాము. ఆ సంకల్పం కార్యరూపం దాల్చిన తీరు మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మష్వరా

ఎక్కడికి వెళ్ళాలన్న విషయంలోనే మొదట అభిప్రాయభేదం వచ్చింది. యువకులు కడప - రాయచోటి మార్గంలోని గువ్వలచెరువు కనుమను కోరుకున్నారు. పాలకొండల మలుపులు, దిగువన లోయ, దారిలో పేరుపొందిన పాలకోవా - వారి ఉత్సాహానికి కారణాలు చాలానే ఉన్నాయి. మరికొందరు దోర్నాల మీదుగా నల్లమల అడవిలో పోదామన్నారు. అయితే దోర్నాల - శ్రీశైలం అటవీ మార్గంలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. వృద్ధులతో, పసిపిల్లలతో ఒక్క రోజులో ముగించదగిన ప్రయాణం కాదది.

గువ్వలచెరువు మాట వచ్చినప్పుడు మా ఫూఫీ మౌనంగా లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆమె పెద్ద కుమారుడు నాలుగేళ్ళ క్రితం ఒక కనుమ దారి మలుపులో ప్రమాదానికి గురై దైవసన్నిధికి చేరుకున్నాడు. అప్పటినుండి ఆమె కొండదారిలో కారెక్కలేదు. పెళ్ళిళ్ళకు పిలుపు వచ్చినా, దారిలో కనుమ ఉందంటే ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లోనే ఉండిపోయేవారు. గువ్వలచెరువు కనుమ భారీ లారీలు నిత్యం తిరిగే జాతీయ రహదారి. అక్కడ తరచుగా ప్రమాదాలు జరుగుతున్నాయన్నది జిల్లా వాసులందరికీ తెలిసిన విషయమే.

ఆ పూట మా ముందు రెండు మార్గాలు మిగిలాయి. ఫూఫీని, దాదీమాను ఇంట్లో వదిలి, ఓపిక ఉన్నవారు మాత్రమే వెళ్ళడం ఒకటి. వారిద్దరూ రాగలిగే విధంగా ప్రయాణాన్నే మార్చుకోవడం రెండవది. మొదటిది సులభం, నిజానికి చాలా ఇళ్ళలో జరిగేది కూడా అదే. కానీ కాఫిలా అంటే బలవంతుల గుంపు కాదు. మహనీయ ప్రవక్త (స) ప్రయాణాలలో కాఫిలా వెనుక భాగాన ఉండి, వెనుకబడిన బలహీనులకు తోడ్పడేవారని, అవసరమైతే తమ వాహనంపై ఎక్కించుకునేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఈ మాటను మా చాచా గుర్తుచేసిన తర్వాత చర్చ ఎక్కువసేపు సాగలేదు. లారీల రద్దీ లేని, దూరం తక్కువైన గండికోట దారిని అందరమూ ఎన్నుకున్నాము. ఫూఫీ వెంటనే ఒప్పుకోలేదు. "మైలవరం దాకా వస్తాను. కొండ సంగతి అక్కడ చూద్దాం" అన్నారు. మేము బలవంతం చేయలేదు. ఆమె మైలవరంలోనే ఆగిపోతే ఆమెకు తోడుగా ఒక కారు అక్కడే ఉండాలని కూడా ముందే నిర్ణయించుకున్నాము.

అమీర్ ఎవరు?

ముగ్గురు కలిసి ప్రయాణించినా తమలో ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (స) ఉపదేశం. మేము 27 మందిమి, 5 కార్లు. వయసును బట్టి, హోదాను బట్టి కాక దారి తెలిసిన వానిని అమీర్‌గా ఎన్నుకోవాలని అనుకున్నాము. మా మామూ 20 ఏళ్ళపాటు లారీ నడిపి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు: "దారిలో నా మాట మీద చర్చ ఉండకూడదు. చర్చంతా ఈ రాత్రే."

ఆయన చెప్పిన నియమాలు ఇవి. కొండ ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలి. రోడ్డు ఇరుకుగా ఉన్న చోట మన దేశ రహదారి నిబంధనలు చెప్పేది కూడా ఇదే. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అదిమిపెట్టి ఉంచరాదు. అలా ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎదురు కనిపించని మలుపులో హారన్ మోగించాలి, ముందు బండిని దాటే ప్రయత్నం చేయరాదు. ముందు కారును తరుముతూ వెళ్ళనవసరం లేదు. ప్రతి డ్రైవరూ తన వెనుక కారుకు బాధ్యుడు. దారి చీలే ప్రతి చోటా వెనుక కారు కంటికి కనిపించే వరకు ఆగాలి. అప్పుడు కొండల్లో ఫోను పనిచేయకపోయినా ఎవరూ తప్పిపోరు.

దాదీమా, ఫూఫీ ఉన్న కారు అన్నిటికన్నా ముందు నడవాలని, మిగిలినవన్నీ దాని వేగాన్నే అనుసరించాలని మామూ నిర్ణయించారు. పనిముట్లు, స్టెప్నీ, రేడియేటరుకు నీళ్ళు ఉన్న కారు అన్నిటికన్నా వెనుక. యువకులకు ఇది రుచించలేదు. అప్పుడు చాచా అంజషా (రజి) వృత్తాంతం చెప్పారు. స్త్రీలు కూర్చున్న ఒంటెలను ఆయన పాడుతూ వేగంగా తోలుతుండగా, ప్రవక్త (స) ఆ స్త్రీలను గాజుపాత్రలతో పోల్చి, మెల్లగా తోలమని ఆదేశించారు. పద్నాలుగు శతాబ్దాల క్రితం ఎడారిలో పలికిన ఆ మాట స్టీరింగు పట్టుకున్న ప్రతివానికీ వర్తిస్తుంది. మా పిల్లలు ఆ రాత్రే తమ కారుకు 'గాజుపాత్ర' అని పేరు పెట్టుకున్నారు.

ఇంట్లోని స్త్రీలు మరొక ముఖ్యమైన నిర్ణయం చేశారు. ఉదయం బిర్యానీ వద్దు. చిత్రాన్నం, ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు చాలు. మలుపుల దారిలో కడుపు నిండుగా ఉన్నా, పూర్తిగా ఖాళీగా ఉన్నా వికారం తప్పదు. తల తిరిగే అలవాటున్న వారు ముందు సీటులో కూర్చుని దూరంగా చూస్తూ ఉండాలి, ఫోను చూడరాదు. అల్లం ముక్కలు, నిమ్మకాయలు, ప్లాస్టిక్ సంచులు ప్రతి కారులోనూ సిద్ధం చేశారు.

మైలవరంలో ఉదయం

గండికోటలోనే సూర్యోదయం చూడాలన్నది యువకుల కోరిక. అందుకు చీకటిలోనే కొండ ఎక్కాలి. మామూ దానికి అంగీకరించలేదు. చీకటి దారిని మైదానంలోనే ముగించి, వెలుగులో కొండ ఎక్కాలన్నారు. ఆ కారణంగా మా సూర్యోదయం మైలవరానికి మారింది.

ప్రొద్దుటూరులో ఫజ్ర్ నమాజు ముగించుకొని, ప్రయాణ దుఆ చదువుకొని బయలుదేరాము. పులివెందుల వారు ముందు రాత్రే ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరుకొని బంధువుల ఇంట ఉన్నారు. వారిని కలుపుకొని మైలవరం చేరేసరికి తూర్పు ఎర్రబారుతోంది. ఆనకట్ట దగ్గర నిలుచుంటే సూర్యుడు మన వెనుక, జమ్మలమడుగు మైదానం మీద ఉదయిస్తాడు. ఆ వెలుగు ముందు పడమటి కొండల శిఖరాలను తాకి, మెల్లగా కిందికి దిగి, చివరకు నీటిని చేరుతుంది. సూర్యుణ్ణి చూడాలని వచ్చిన పిల్లలు సూర్యుడికి వీపు పెట్టి కొండలనే చూస్తూ నిలబడ్డారు. వర్షాధారమైన ఈ సీమలో ఇన్ని నీళ్ళు ఒక్కచోట కనిపించడమే పండుగ. ఈ మండలంలోనే 1000 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టిన సౌరవిద్యుత్ పార్కు ఉన్నది. నీటికి వానను, విద్యుత్తుకు ఎండను సృష్టికర్త ఒకే నేలకు ప్రసాదించాడు.

ఫలహారం ముగిసింది. ఫూఫీ చాలాసేపు నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు. మేమెవరమూ అడగలేదు. చివరకు ఆమే మామూ దగ్గరికి వెళ్ళి, "భాయ్, ఎన్ని మలుపులు?" అని అడిగారు. "లెక్కపెట్టలేదు బహెన్. నువ్వు ఆపమన్న చోటల్లా ఆపుతాను" అన్నారాయన. ఆమె వచ్చి ముందు సీటులో కూర్చున్నారు.

ఎగువకు తక్బీర్, దిగువకు తస్బీహ్

ఎత్తుకు ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్ అని, పల్లానికి దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అని పలకడం సహాబాల ప్రయాణ సంప్రదాయమని జాబిర్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తున్నది. కొండదారిలో దీనిని ఆచరించినప్పుడే దీని మాధుర్యం అర్థమవుతుంది. ఎత్తైన చోట మనిషికి తాను గొప్పవాడినన్న భావం కలగవచ్చు. అక్కడ గొప్పతనం అల్లాహ్‌దని గుర్తుచేసుకుంటాము. పల్లంలోకి దిగేటప్పుడు, ఏ లోపమూ, ఏ తగ్గుదలా లేనివాడు ఆయనేనని కీర్తిస్తాము. పిల్లలకు ఇది ఆటగానూ, ఆరాధనగానూ ఉండింది. ముందు కారులో ఫూఫీ గొంతు మొదటి మలుపుల దగ్గర వినిపించలేదట. రెండుసార్లు ఆపమన్నారు. 5 కార్లూ రోడ్డు పక్కన ఆగాయి. మోటారు సైకిళ్ళ మీద వెళ్ళే కుర్రవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోయారు. మా యువకులు వారివైపు ఆశగా చూశారు గాని, ఎవరూ మాట్లాడలేదు. మూడవసారి కారు ఆగలేదు. పిల్లల తక్బీర్‌తో ఆమె గొంతు కూడా కలిసింది.

ఈ కొండదారి గురించి 1652లో వచ్చిన ఫ్రెంచి వజ్ర వ్యాపారి టావెర్నియే రాశాడు. కొండను తొలిచిన ఆ దారి కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పు మాత్రమే ఉండేదని, ఒక పక్క భయంకరమైన అగాధం, దాని అడుగున పెద్ద నది ఉండేవని ఆయన వర్ణన. నేడు కార్లు, బస్సులు కూడా పైకి వెళ్తున్నాయి.

కోటలో

టావెర్నియే కలుసుకోవడానికి వచ్చింది మీర్ జుమ్లాను. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుండి వచ్చి, వజ్రాల వ్యాపారంలో ఎదిగి, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా వద్ద ఉన్నత పదవిని పొందిన మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో పెమ్మసాని నాయకుల నుండి ఈ కోటను జయించాడు. కాళ్ళవేళ్ళ సందున, చేతివేళ్ళ సందున ఉత్తరాలు పెట్టుకొని ఒకేసారి ఎన్నో వ్యవహారాలు చక్కబెట్టేవాడని ఆ యాత్రికుడు రాశాడు. తరువాత మొగలుల కొలువులో చేరి, అస్సాం దండయాత్ర నుండి తిరిగి వస్తూ 1663లో మరణించాడు. అంత తీరిక లేని మనిషి ఏలిన కోటలో ఇప్పుడు మేకలు మేస్తున్నాయి. భూమిపై సంచరించి పూర్వీకుల పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ ఎందుకు ఆహ్వానిస్తున్నదో ఇలాంటి చోట బోధపడుతుంది.

కోటలో మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, ధాన్యాగారం, జామియా మసీదు ఉన్నాయి. మసీదు విశాలమైన ప్రాంగణం చుట్టూ కమానుల వరుసలు, ఇరువైపులా మీనారులు చూపరులను ఆకట్టుకుంటాయి. ఇది పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. గోడలపై పేర్లు చెక్కడం, చెత్త వదలడం ఎవరికీ తగదు.

మసీదు దాటి రాళ్ళ మీదుగా కొంతదూరం నడిస్తే లోయ అంచు వస్తుంది. ఎర్రని రాతిబండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గోడల నడుమ, ఎంతో లోతున పెన్నా నిశ్శబ్దంగా కనిపిస్తుంది. ఆ అంచున చాలా చోట్ల కంచె లేదు. అందుకే ప్రతి పిల్లవాడి చేతినీ ఒక పెద్దవారు పట్టుకోవాలని, ఫోటోల కోసం ఎవరూ అంచుకు పోరాదని ముందే నిర్ణయించాము. దాదీమా ఆ రాళ్ళ మీద నడవలేరు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతామని మనుమలు అన్నా ఆమె ఒప్పుకోలేదు. మసీదు కమాను నీడలో తస్బీహ్ పట్టుకొని కూర్చున్నారు. మేము తిరిగి వచ్చేసరికి, "మీరు లోయ చూశారు, నేను ఇది చూశాను" అని ప్రాంగణమంతా చేయి తిప్పి చూపించారు. లోయ అంచుదాకా వెళ్ళి వచ్చిన ఫూఫీ ఆమె పక్కన కూర్చుని, కుమారుని పేరు చెప్పి దుఆ చేశారు. నాలుగేళ్ళలో అందరి ముందు ఆ పేరు ఆమె పలకడం అదే మొదటిసారి.

తిరుగుప్రయాణం

అలసట, నిద్ర, ఇల్లు చేరాలన్న తొందర కలిసి వచ్చేది తిరుగుదారిలోనే. అందుచేత మధ్యాహ్నం భోజనాన్ని కొద్దిగానే ఉంచాము. డ్రైవర్లు అరగంట కునుకు తీసిన తరువాతే కదిలాము. తక్కువ గేరులో, తస్బీహ్‌తో దిగి అస్ర్ నమాజు జమ్మలమడుగులో చేసుకొని మగ్రిబ్‌కు ప్రొద్దుటూరు చేరాము. ప్రొద్దుటూరు వారి దూరం ఖస్ర్‌కు సరిపోదు గనుక నమాజులు పూర్తిగానే చేశాము. పులివెందుల వారు తమ విషయం బయలుదేరే ముందే తమ ఇమామును అడిగి తెలుసుకున్నారు.

ఇలాంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు మేము చెప్పదలచుకున్నది ఒకటే. ముందు దారిని ఎన్నుకొని, తరువాత ఎవరు రాగలరని అడగవద్దు. ముందు ఇంట్లో అందరికన్నా బలహీనులెవరో చూడండి, వారు రాగల దారిని ఎన్నుకోండి. రెండు గంటలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు, కొండలు అక్కడే ఉంటాయి. గండికోటకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో బేలం గుహలున్నాయి. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలలో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు యాత్రికులకు తెరిచి ఉన్నది. వచ్చే శీతాకాలం అక్కడికి వెళ్దామని మా ఇంట అప్పుడే మాట మొదలైంది. దాదీమా మెట్లు దిగగలరా అన్నదే ఈసారి మా మొదటి ప్రశ్న. అల్లాహ్ మనందరి ప్రయాణాలను క్షేమకరం చేయుగాక, బయలుదేరిన ప్రతి ఒక్కరినీ తమ ఇంటివారి వద్దకు చేర్చుగాక! ఆమీన్.